రెండు కార్లు నిలిచే చోటు



ఈ నెల మాకు వచ్చిన ఉత్తరములలో ఒకటి మమ్మును చాలా రోజులు ఆలోచింపజేసింది. వ్రాసినవారు ఒక పట్టణములో కొట్టు పెట్టుకొని జీవించే సహోదరుడు. తన పేరు, ఊరు వేయవద్దని కోరినందున వాటిని ఇక్కడ ఇవ్వడము లేదు.

సంగతి ఇది. ఆ పట్టణములో బస్టాండు వెనుక మున్సిపాలిటీవారి రెండంతస్తుల పార్కింగు భవనము ఉంది. దానిమీద ఇంకో రెండంతస్తులు వేసి, ప్రక్కనున్న ఖాళీ స్థలములోనికి కూడ పొడిగించాలని ప్రతిపాదన వచ్చింది. అభిప్రాయములు, అభ్యంతరములు తెలుపుటకు పదిహేను రోజుల గడువిచ్చి నోటీసు అంటించారు. ఈ సహోదరుడు ఆ వీధిలోనే ఫ్యాన్లు, మిక్సీలు, కుక్కర్లు అమ్ముతారు. బండి ఆపుకొనే చోటు లేక కొనేవారు ముందుకు వెళ్లిపోతున్నారని ఆయన బాధ. అయితే ఆయన వదినగారు పద్నాలుగేండ్లుగా ఆ ఖాళీ స్థలములోనే గోనెపట్టా పరచుకొని ఆకుకూరలు అమ్ముతున్నది. అన్నగారు చనిపోయిన తరువాత ఇద్దరు పిల్లలను ఆ కూరలమీదనే చదివించింది.

ఒక ఉదయము వర్తకులు ఒక కాగితము తెచ్చి సంతకమడిగారు. భవనము పెంచాలని దానిలో ఉంది. అదే సాయంత్రము కూరగాయలమ్మే స్త్రీలు ఇంకొక కాగితము తెచ్చారు. పెంచవద్దని దానిలో ఉంది. రెండు కాగితములు ఆయన కొట్టు సొరుగులోనే ఉన్నాయి. "అయ్యగారూ, దేనిమీద సంతకము పెట్టమంటారు? వదిన మాతో మాటలాడి వారము దాటింది. ఆదివారము ఆమె ఆ ప్రక్క, మేము ఈ ప్రక్క కూర్చొని వస్తున్నాము" అని వ్రాశారు.

పల్లెలలో ఉన్న మనకు ఈ గొడవ ఎందుకని కొందరు అనుకొనవచ్చును. కాని మన ఊళ్లనుండి రోజూ ఎంతమంది పట్టణమునకు వెళ్లడము లేదు? ఆసుపత్రికి, విత్తనములకు, పిల్లల పరీక్షలకు, పెండ్లి బట్టలకు వెళ్లినప్పుడు మోటారు సైకిలు ఎక్కడ పెట్టాలా అని వీధి వీధి తిరిగినవారమే గదా. మన తోటలో పండిన కూర అమ్ముకొనే స్త్రీ కూడ అక్కడే కూర్చుంటుంది. రెండు వైపులా ఉన్నది మనవారే. గనుక ఈ నెల ఈ పుటను ఈ ఒక్క ఉత్తరమునకే కేటాయించాము.

ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకొనవలెను. పదిహేనేండ్ల క్రిందట మేము పరిచర్య చేసిన ఒక చిన్న పట్టణములో, ఆదివారము ఆరాధనకు వచ్చేవారి బండ్లతో రోడ్డంతా నిండిపోయేది. బస్సు వెళ్లుటకు దారి ఉండేది కాదు. ఎదురుగా ఉన్న బండ్ల స్టాండును పెద్దది చేయాలని అక్కడివారు ఒక అర్జీ వ్రాసి మా సంతకము అడిగారు. ప్రసంగము సిద్ధపరచుకొనే తొందరలో ఉండి, కాగితము పూర్తిగా చదువకుండానే సంతకము పెట్టాము. మన సంఘమునకు మేలే గదా అనుకొన్నాము.

స్టాండు పెద్దదయింది. దానికొరకు ఒక నిద్రగన్నేరు చెట్టు కొట్టివేశారు. ఆ చెట్టు క్రింద చెప్పులు కుట్టే ఒక పెద్దాయన, ఇస్త్రీ బండి పెట్టుకొన్న భార్యాభర్తలు ఉండేవారు. ఒకరోజు ఆ పెద్దాయన మా వాకిటికి వచ్చి, "అయ్యగారూ, మమ్మల్ని లేవమన్నప్పుడు మీ సంతకము కూడ చూపించారు" అన్నాడు. కోపముగా అనలేదు. నిజమా కాదా తెలిసికొందామని వచ్చాడంతే. మేము జవాబు చెప్పలేకపోయాము. ఆ స్టాండు ఆదివారము మూడు గంటలు నిండేది. మిగిలిన ఆరు రోజులు నీడకు మేకలు పడుకొనేవి. ఈ సంగతి వ్రాయుటకు మాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. అందుచేతనే ఈ సహోదరునికి వెంటనే జవాబు వ్రాయక, కొంత చదివి, కొంత విచారించి వ్రాస్తున్నాము.

మొదట, ఒక బండి ఎంత చోటు తింటుందో చూద్దాము. చిన్న కారు నేలమీద నిలిస్తే అది కప్పే చోటు ఎనిమిది, తొమ్మిది గజములకు మించదు. కాని కారు ఎగిరి వచ్చి నిలువదు. లోనికి రావలెను, మలుపు తిరుగవలెను, తలుపు తెరువవలెను, బయటికి పోవలెను. వీటన్నిటిని కలిపి, ఢిల్లీ నగరపు మాస్టర్ ప్లాను-2021 లో ఒక కారుకు ఆరుబయట అయితే 23 చదరపు మీటర్లు, భవనములో నేల అంతస్తు అయితే 28, నేలమాళిగ అయితే 32 చదరపు మీటర్లు చొప్పున లెక్క కట్టారు. మన గజములలో చెప్పుకొంటే అవి సుమారు 27, 33, 38 గజములు. భవనములో స్తంభములు, ఎక్కే వాలుదారులు ఉంటాయి గనుక ఆరుబయటకంటె ఎక్కువ చోటు పడుతుంది.

ఇప్పుడు దీని ప్రక్కన ఇంకొక లెక్క పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో పేదలకు ఇండ్ల స్థలములు పంచినప్పుడు పల్లెలలో కుటుంబమునకు సెంటున్నర, పట్టణములలో ఒక సెంటు ఇచ్చారు. ఒక సెంటు అంటే 48 గజములు చిల్లర. రెండు కార్లు ఆరుబయట నిలుచుటకు పట్టే చోటు 55 గజములు. అనగా పట్టణములో ఒక పేద కుటుంబము ఇల్లు కట్టుకొని, వండుకొని, పడుకొని, పిల్లలను పెంచుకొనుటకు ఇచ్చిన చోటుకంటె రెండు కార్లు నిలుచుటకు పట్టే చోటే కొంచెము ఎక్కువ. ఈ లెక్క వేసినప్పుడు మేము కాగితము ప్రక్కన పెట్టి మరల ఒకసారి గుణించి చూచుకొన్నాము.

కారు ఉండడము పాపమని మేము చెప్పడము లేదు. నొప్పులు పడే కోడలిని రాత్రివేళ ఆసుపత్రికి చేర్చినది ఎవరో ఒకరి కారే. ఆమెను దింపిన తరువాత ఆ కారు ఎక్కడో ఒకచోట నిలువవలెను. గనుక ఆ వీధిలో కొట్లు పెట్టుకొన్నవారి మాట కూడ తీసివేయదగినది కాదు. బేరము లేక కొట్టు మూతపడితే అందులో పనిచేసే ఇద్దరు కుర్రవాళ్లు కూడ ఇంటికి పోవలసినదే. అడ్డదిడ్డముగా ఆపిన బండ్ల మధ్య అంబులెన్సు చిక్కుపడడము మనమందరము చూచినదే. చోటు కావలెనన్నది నిజమైన అవసరమే. అయితే ఆ చోటు నిజముగా లేదా, లేక ఉన్నదానిని వాడడము లేదా? అడుగవలసిన మొదటి ప్రశ్న ఇది.

బెంగుళూరులో జరిగినది చూడండి. అక్కడ పాత సెంట్రల్ జైలు ఉన్న స్థలమును ఫ్రీడమ్ పార్కుగా మార్చారు. దానిని ఆనుకొని 556 కార్లు, 445 ద్విచక్ర వాహనములు పట్టే పెద్ద పార్కింగు భవనము కట్టారు. కట్టడము పూర్తయినా, నడిపేందుకు గుత్తేదారు కుదరక చాలాకాలము అది మూతబడియే ఉంది. చివరకు 2024 జూన్‌లో తెరిచారు. తెరిచిన క్రొత్తలో కూడ చాలా చోటు ఖాళీగానే ఉండేదని పత్రికలు వ్రాశాయి. బెంగుళూరులో బండ్లకు కొదువా? కాదు. కొట్టు ముందు రోడ్డుమీద ఊరకే నిలుపుకొనే వీలున్నప్పుడు, డబ్బిచ్చి లోపల పెట్టి నడిచి వచ్చేవారు తక్కువ. ఇది మనుష్య స్వభావము. మనము కూడ అంతే.

ఈ స్వభావమును ఏండ్ల తరబడి పరిశీలించినవారు అమెరికాలో డొనాల్డ్ షూప్ అనే ఆచార్యులు. లాస్ ఏంజిలెస్‌లోని విశ్వవిద్యాలయములో బోధించి, 2005లో ఈ విషయము మీదనే ఒక పెద్ద గ్రంథము వ్రాశారు. 2025లో కన్నుమూశారు. వీధిలో నూరు చోట్లుంటే ఎనభై అయిదు నిండి, పదిహేను ఖాళీగా ఉండేటట్లు రుసుము పెట్టవలెనని ఆయన చెప్పేవారు. రద్దీ వీధిలో రుసుము ఎక్కువగా, రద్దీ లేని చోట తక్కువగా ఉంటే బండ్లు వాటంతట అవే సర్దుకొంటాయని ఆయన వాదన. శాన్‌ఫ్రాన్సిస్కో నగరమువారు 2011లో దీనిని కొన్ని ప్రాంతములలో చేసి చూచారు. వీధిలోను, నగరపు పార్కింగు భవనములలోను బండ్ల సంఖ్యనుబట్టి రుసుము మార్చుతూ వచ్చారు. అందరూ రుసుము పెరిగిపోతుందని భయపడ్డారు. తీరా లెక్క చూస్తే సగటు రుసుము కొంచెము తగ్గింది. ఖాళీగా పడియున్న చోట్ల ధర తగ్గించినందువలన బండ్లు అక్కడికి వెళ్లాయి. క్రొత్త అంతస్తు వేయకుండానే కొంత చోటు దొరికింది.

రెండవ సంగతి. పార్కింగు భవనము ఒకసారి లేచిందంటే అది ఒక తరము నిలుస్తుంది. అమెరికాలోని బోస్టను నగరము నడిబొడ్డున పోస్టాఫీసు స్క్వేరు అనే చోటు ఉంది. 1954లో నగరమువారు ఆ స్థలమును దీర్ఘకాలపు కౌలుకిచ్చి, అక్కడ కాంక్రీటు పార్కింగు భవనము కట్టించారు. అప్పుడది అభివృద్ధి అనే అనుకొన్నారు. తరువాత ఏండ్లు గడచేకొలది ఆ బూడిదరంగు గోడలు, పొగ, చీకటి చూచి చుట్టుప్రక్కలవారికి విసుగుపుట్టింది. 1980లలో నార్మన్ లెవెంథాల్ అనే నిర్మాణదారుడు, ఆ చుట్టూ ఉన్న సంస్థలవారు కలిసి ఒక సంఘముగా ఏర్పడ్డారు. కౌలును విడిపించి, 1988లో భవనమును పడగొట్టించి, అక్కడే నేల క్రింద ఏడంతస్తులు త్రవ్వి సుమారు 1,400 కార్లకు చోటు చేశారు. పైన 1.7 ఎకరముల తోట వేశారు. 1992లో తోట పూర్తయింది. ఇప్పుడు మధ్యాహ్నమువేళ చుట్టుప్రక్కల ఆఫీసులవారు ఆ గడ్డిమీద కూర్చొని అన్నము తింటారు. వారి కాళ్ల క్రింద కార్లు ఉంటాయి.

మన పట్టణములో అట్లు చేయగలమా? చేయలేము. నేల క్రింద త్రవ్వడము పైన కట్టడముకంటె చాలా ఖర్చు. అక్కడ ముందుకు వచ్చినవారు ధనికమైన సంస్థలు. అయినను ఆ కథ ఎందుకు చెప్పామంటే, 1954లో కట్టినదానిని తీసివేయుటకు వారికి ముప్పై నాలుగేండ్లు పట్టింది. అంత ధనమున్నవారికే అంత కాలము పట్టితే, మన మున్సిపాలిటీ ఒకసారి కట్టినదానిని మరల విప్పుతుందని ఎవరును అనుకొనరాదు. ఆ ఖాళీ స్థలము పోతే, ఉత్తరము వ్రాసిన సహోదరుని మనుమలవరకు పోయినట్లే.

మన హైదరాబాదులో ఇంకొక దారి పట్టారు. నాంపల్లి రైల్వే స్టేషను దగ్గర సుమారు అర ఎకరములో పదిహేను అంతస్తుల భవనము తలపెట్టి, అందులో పది అంతస్తులు బండ్లకు, మిగిలినవి కొట్లకు, సినిమాహాళ్లకు కేటాయించారు. అక్కడ కారును మనము నడుపుకొంటూ పైకి పోనక్కరలేదు. క్రింద దిగితే యంత్రమే దానిని ఎత్తి అరలో పెడుతుంది. వాలుదారులు అక్కరలేదు గనుక తక్కువ నేలలో ఎక్కువ బండ్లు పడతాయి. అయితే యంత్రమునకు కరెంటు కావలెను, మరమ్మతు కావలెను, తెలిసిన మెకానిక్కు కావలెను. చిన్న పట్టణములో లిఫ్టు ఆగితే బాగుచేసేవాడు ఎప్పుడు వస్తాడో మనకు తెలుసు.

గనుక సహోదరుడా, మీ ప్రశ్నకు మా జవాబు ఇది. ఈ వారము ఏ కాగితము మీదను సంతకము పెట్టకండి. గడువు పదిహేను రోజులు ఉంది గదా. అందులో మొదటి మూడు రోజులు లెక్కకు ఇవ్వండి. ఒకటి సంత రోజు, ఒకటి మామూలు రోజు, ఒకటి ఆదివారము. ఒక్కొక్క రోజు ఉదయము పది గంటలకు, మధ్యాహ్నము రెండు గంటలకు, సాయంత్రము ఆరు గంటలకు ఇప్పుడున్న పార్కింగు భవనములోనికి వెళ్లి ఎన్ని చోట్లు నిండాయో, ఎన్ని ఖాళీయో వ్రాయండి. కార్లు వేరుగా, మోటారు సైకిళ్లు వేరుగా వ్రాయండి. ఒక కారు నిలిచే చోట నాలుగైదు మోటారు సైకిళ్లు పడతాయి. మీ కొట్టుకు వచ్చేవారిలో ఎక్కువమంది మోటారు సైకిళ్ల మీద వచ్చేవారే అయితే, రెండంతస్తులు వేయకుండా ఉన్న చోటునే వేరుగా గీతలు గీసి పంచితే సరిపోతుందేమో చూడవచ్చును. పై అంతస్తు ఖాళీగా ఉండి రోడ్డు నిండి ఉంటే, కొరత చోటుది కాదని తెలిసిపోతుంది. రెండు అంతస్తులూ మూడు రోజులూ నిండియుంటే, మీ వర్తకుల మాట నిజమని మీ వదినగారు కూడ ఒప్పుకొనవలెను.

తరువాత మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి ప్లాను చూపించమని అడగండి. నోటీసు అంటించినవారు ప్లాను చూపించవలెను గదా. మూడు సంగతులు అడగండి. పాత పునాది నాలుగంతస్తుల బరువుకు వేసినదేనా? ఆ మాట ఇంజనీరు కాగితము మీద వ్రాసి ఇచ్చారా? కట్టిన తరువాత నడిపేది ఎవరు, రుసుము ఎంత? కూరలమ్మేవారికి ప్లానులో చోటు గీశారా లేదా? నోటిమాటగా చెప్పితే వ్రాసి ఇవ్వమనండి. వ్రాసి ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద పది రూపాయల రుసుముతో అర్జీ పెట్టవచ్చును. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఆ రుసుము కూడ లేదు. అయితే జవాబిచ్చుటకు వారికి 30 రోజుల గడువు ఉంది, మీ నోటీసు గడువు 15 రోజులే. గనుక గడువు పెంచమని కూడ అదే రోజున వ్రాతపూర్వకముగా అడిగి, రశీదు తీసికొనండి.

ఇక మీ వదినగారికి ఒక మాట. అమ్మా, మీరు దయమీద ఆధారపడి అక్కడ కూర్చున్నారని ఎవరైన అంటే నమ్మవద్దు. వీధి వ్యాపారుల కొరకు 2014లో పార్లమెంటు ఒక చట్టము చేసింది. పట్టణములో అమ్ముకొనేవారినందరిని సర్వే చేసి ధ్రువపత్రము ఇచ్చేవరకు ఎవరినీ లేపివేయకూడదని అందులో ఉంది. వేరొక చోటికి మార్చవలసి వస్తే 30 రోజుల నోటీసు ఇవ్వవలెను. పట్టణ వెండింగ్ కమిటీ అని ఒకటి ఉండవలెను. అందులో నూటికి నలభైమందికి తక్కువ కాకుండ వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండవలెను, వారిలో మూడవవంతు స్త్రీలు కావలెను. మీ పట్టణములో ఆ కమిటీ ఉందా, మీ పేరు సర్వేలో ఎక్కిందా అని మీ మరిదిగారిని వెంటబెట్టుకొని వెళ్లి అడగండి. ఆయనకు ఆఫీసు భాష తెలుసు. మీకు ఆ స్థలములో ఎవరెవరు ఎంతకాలమునుండి కూర్చుంటున్నారో తెలుసు. ఒకరికి తెలిసినది ఇంకొకరికి తెలియదు.

లెక్క చేతికి వచ్చిన తరువాత దారులు రెండే ఉండవు. అంతస్తులు వేసి, ఖాళీ స్థలము మాత్రము ముట్టుకోవద్దని అడగవచ్చును. నేల అంతస్తులో కూరలమ్మేవారికి గట్టు, నీళ్లు, మరుగుదొడ్డి ఏర్పాటుచేసి పై అంతస్తులు బండ్లకు ఇవ్వమనవచ్చును. కట్టడము జరిగే నెలలలో వారు ఎక్కడ కూర్చోవలెనో ముందే చూపించమనవచ్చును. ఇవన్నీ మూడవ కాగితములో వ్రాయదగినవి. ఆ కాగితము మీద వర్తకులును, స్త్రీలును కలిసి సంతకము పెట్టవచ్చును. అట్లు జరుగుతుందని మేము మాట ఇవ్వలేము. లెక్క చూచిన తరువాత కూడ మీరిద్దరు వేర్వేరుగానే సంతకములు పెట్టవచ్చును. దానిలో తప్పులేదు. కాని అప్పుడు ఒకరినొకరు స్వార్థపరులని అనుకొనరు.

గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనే సంగతి మన పెద్దలు ఎన్నోసార్లు చెప్పగా విన్నాము. ఆ రోజు చెప్పులు కుట్టే పెద్దాయన వాకిట నిలిచినప్పుడు, ఆ ఖర్చులో ఆయనను వేయలేదని మాకు తెలిసింది. అప్పటికే చెట్టు పోయింది. ఇక్కడ ఇంకా ఏదియు పోలేదు. ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికి గడువు దాటకూడదని ఈ జవాబును ముందుగానే ఉత్తరములో సహోదరునికి పంపించాము.

మీ ఊళ్లలో కూడ ఇటువంటిది వచ్చి ఉంటే, మీరు ఎట్లు తీర్మానించుకొన్నారో మాకు వ్రాయండి. ఆ సహోదరుడు, ఆయన వదినగారు కలిసి వేసిన లెక్క మాకు పంపితే, వచ్చే నెల ఈ పుటలోనే దానిని వేస్తాము.